కాకినాడ అఖాతంలో ఏడాది పొడవునా 200 మైక్రాన్ల ప్లవకాల వల: ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు

ప్లవకాలంటే నీటిలో తేలుతూ ప్రవాహంతో కొట్టుకుపోయే చిన్న జీవులు. ఏ నెలలో వాడతారో అడగకుండా వాటిని పట్టే వల మంచిదో కాదో చెప్పకూడదు. ఏప్రిల్‌లో చక్కగా పనిచేసిన వలే ఆగస్టులో అదే చోట రెండు నిమిషాలకి మట్టి మూటయిపోతుంది. కాబట్టి ఈ సమీక్షలో తూచేది ఒక్క లాగుడుని కాదు, ఏడాది చక్రం మొత్తాన్ని. చోటు: హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బకీ కోరంగి మడ అడవులకీ మధ్య, గాడేరు, కోరంగి పాయలు కాకినాడ అఖాతంలో కలిసే లోతు తక్కువ నీళ్లు. జంతు ప్లవకాల మీద ప్రాజెక్టు చేసే ఎమ్మెస్సీ విద్యార్థులకీ, హేచరీలకి నీళ్లు తీసుకునే చోట ఏయే జీవులున్నాయో తెలుసుకోవాలనుకునే టెక్నీషియన్లకీ ఇది పనికొస్తుంది.

ల్యాబు సామాన్ల దుకాణాల్లో రకరకాల పేర్లతో దొరికే మామూలు సెట్టు ఇలా ఉంటుంది. 30 సెంటీమీటర్ల మూతి, మీటరు పొడవున్న గరాటు ఆకారపు నైలాన్ వల, కంత 200 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మూతికి స్టీలు రింగు, రింగుకి మూడు తాళ్లు, అడుగున 6 సెంటీమీటర్ల పీవీసీ కప్పు, కప్పు పక్కన జల్లెడ కిటికీలు, 10 మీటర్ల లాగుడు తాడు. వలలోంచి ఎంత నీరు పోయిందో కొలిచే ఫ్లోమీటరు సెట్టులో రాదు. ముందే మా మాట చెప్పేస్తాం: ఎండాకాలానికి ఈ సెట్టుకి ఐదుకి నాలుగు, వరద నెలలకి ఐదుకి రెండు. కొనొచ్చు, కానీ మీటరు పొడవున్నది వద్దు, మీటరున్నర అడగండి. దానితోపాటు 64 మైక్రాన్ల చిన్న వల ఇంకొకటి లేకపోతే సగం సంవత్సరం లెక్కల్లోంచి జారిపోతుంది.

పొడవు గురించి ఎందుకింత పట్టుబడుతున్నామంటే, వల ఎంత నీటిని వడకట్టగలదన్నది మూతి ఒక్కటే తేల్చదు. గుడ్డలో ఉన్న కంతల మొత్తం వైశాల్యాన్ని మూతి వైశాల్యంతో భాగించి చూడాలి. 30 సెంటీమీటర్ల మూతి వైశాల్యం 0.0707 చదరపు మీటర్లు. మీటరు పొడవు వలకి గుడ్డ సుమారు 0.57 చదరపు మీటర్లు పడుతుంది. ఈ కంత గుడ్డలో తెరిచి ఉన్న భాగం 40 శాతం అనుకుంటే 0.228, అంటే మూతికి 3.2 రెట్లు. తేట సముద్రంలో అది చాలు. పచ్చటి తీరపు నీళ్లలో, బురద నీళ్లలో కనీసం 5 రెట్లు కావాలి. మీటరున్నర పొడవుకి ఇది 4.8 దాకా వెళ్తుంది. మూతి దగ్గర కాన్వాసు గుడ్డ 10 సెంటీమీటర్ల కంటే వెడల్పుగా కుట్టిన వలల్ని వదిలేయండి. అది చూడ్డానికి దిట్టంగానే ఉంటుంది, కానీ వడకట్టే గుడ్డని తినేస్తుంది.

ఇక కంత సంగతి. మన తీరపు పాత లెక్కల్ని ఇప్పటి వాటితో పోల్చేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. 1960 నుంచి 1965 వరకు జరిగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో వాడిన ప్రామాణిక వల కంత 330 మైక్రాన్లు, మూతి 1 చదరపు మీటరు. తర్వాత యునెస్కో బృందం సూచించిన డబ్ల్యూపీ-2 వల కంత 200 మైక్రాన్లు, మూతి వ్యాసం 57 సెంటీమీటర్లు. మన 30 సెంటీమీటర్ల వల కంత విషయంలో దీని చెల్లెలే. 330 వల లెక్కల్నీ 200 వల లెక్కల్నీ పక్కపక్కన పెట్టి, ‘ఇన్నేళ్లలో ప్లవకాలు పెరిగాయి’ అని రాయడం పెద్ద పొరపాటు. కోపెపాడ్లలో (రొయ్యల బంధువులైన చిట్టి జీవులు) చిన్నవి 330 కంతలోంచి ధారగా వెళ్లిపోతాయి.

200 కంతలోంచి కూడా చాలానే పోతాయి. జీవి పొడవు కాదు, వెడల్పు చూడాలి. వెడల్పులో ముప్పాతిక వంతుకి మించని కంత ఉంటేనే ఆ జీవి నమ్మకంగా చిక్కుతుంది. ఆ లెక్కన 200 వల పూర్తిగా పట్టేది సుమారు 267 మైక్రాన్లు దాటిన ఒళ్లున్న వాటినే. పెద్ద అకార్షియాలు, సూడోడయాప్టోమస్‌లు అనే కోపెపాడ్లు, బాణపు పురుగులు, లూసిఫర్‌లనే చిట్టి రొయ్యలు, పీతల పిల్లలైన జోయియాలు, చేప గుడ్లు బాగా వస్తాయి. అదే ఓయిథోనా అనే కోపెపాడ్ పొడవుగానే ఉంటుంది గానీ సన్నం, నిలువుగా దూరి పోతుంది. కోపెపాడ్ల నాప్లియైలు (గుడ్డులోంచి వచ్చిన పిల్లలు), ఆల్చిప్పల పిల్లలు, రోటిఫర్లనే అతి చిన్న జీవులు ఈ వలకి దాదాపు లేనట్టే. సంఖ్యలో ఎప్పుడూ ఎక్కువగా ఉండేవి ఇవే కాబట్టి, ఈ వల ఒక్కటే పట్టుకుని ‘ప్లవకాల మొత్తం సంఖ్య’ అని రాయకండి. ‘200 మైక్రాన్ల వలకి చిక్కినవి’ అని రాయండి. ఆ కంతలోంచి జారిపోయే జీవులు ఎన్నుంటాయో నెలల్ని బట్టి మారుతుంది కాబట్టే ఈ జాగ్రత్త.

మార్చి నుంచి మే దాకా నది నీరు తక్కువ, సముద్రపు నీరు పాయల్లోకి లోపలిదాకా ఎక్కుతుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 30 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో 30 పాళ్ల ఉప్పు) దాటడం మామూలే. అకార్షియా, పారాకలానస్, అక్రోకలానస్, ఓయిథోనా, యూటెర్పినా లాంటి కోపెపాడ్లు, బాణపు పురుగులు, లూసిఫర్, సముద్రపు క్లాడోసిరాలైన (నీటి ఈగలు) ఎవాడ్నే, పెనీలియా కనిపించే కాలమిది. ఈ వలకి ఇదే మంచి కాలం. జూన్‌లో నైరుతి వచ్చాక, జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం దాటి వచ్చే గోదావరి నీరు అంతా తలకిందులు చేస్తుంది. పాయల్లో పైనీరు దాదాపు మంచినీళ్లే. అప్పుడు మోయినా, డయాఫనోసోమా, బ్రాకియోనస్ రోటిఫర్లు, మీసోసైక్లాప్స్ లాంటి మంచినీటి జీవులు కొట్టుకొస్తాయి. సముద్రపు జాతులు చచ్చిపోయాయని తొందరపడి రాయకండి. చాలాసార్లు అవి అడుగున ఉన్న ఉప్పునీటి పొరలోకి జరుగుతాయి, పైపైన లాగిన వలకి అందవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. పైగా తీరం వెంట ఉత్తరం నుంచి దక్షిణానికి పారే ప్రవాహం బంగాళాఖాతపు పలచటి నీటిని మోసుకొస్తుంది కాబట్టి ఉప్పదనం వెంటనే కోలుకోదు. జనవరి, ఫిబ్రవరికి మళ్లీ సముద్రపు రంగు పడుతుంది.

ఇవన్నీ రుతువుల మార్పులు. వీటి మీద రోజుకి రెండుసార్లు వచ్చే ఆటుపోట్ల మార్పు కూర్చుంటుంది, అదే అన్నిటికన్నా ఎక్కువమందిని మోసగిస్తుంది. పోటు నిండినప్పుడు మీ పడవ కింద ఉన్నది అఖాతపు నీరు. ఆటు చివర ఉన్నది పాయ లోపలి నీరు. ఒకే చోట, ఒకే రోజు, ఆరు గంటల తేడాలో జాతుల జాబితా మారిపోతుంది. ప్రతి నెలా 15వ తేదీ ఉదయం 8 గంటలకి నమూనా తీసేవాళ్లు క్రమశిక్షణగా చేస్తున్నామనే అనుకుంటారు. కానీ పోటు సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి ఒక నెల 8 గంటలకి నిండు పోటు, ఇంకో నెల 8 గంటలకి అడుగంటిన ఆటు. ఆ తేడాని రుతువుల తేడా అని గ్రాఫు గీస్తారు.

దీనికి మందు మన ఇళ్లలో గోడకి వేలాడే క్యాలెండరులోనే ఉంది. తేదీని కాదు, తిథిని పట్టుకోండి. ఒక చోట అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ప్రతిసారీ దాదాపు ఒకే గడియకి వస్తుంది. ప్రతి నెలా అమావాస్య మర్నాడు వెళ్తే అదే గంటకి అదే పోటు, అదే పెద్ద పోటు బలం దొరుకుతాయి. అష్టమి దగ్గరి చిన్న పోట్లనీ, అమావాస్య పెద్ద పోట్లనీ ఒకే వరసలో కలపకండి. వీలుంటే పోటు నిండాక నీరు నిలిచినప్పుడు ఒక లాగుడు, ఆటు చివర ఒక లాగుడు. ఇంకా వీలుంటే ఒక్క పొద్దయినా 24 గంటలూ మూడు గంటలకోసారి లాగి చూడండి. మైసిడ్లు, ఆంఫీపాడ్లు అనే రొయ్యల్లాంటి చిన్న జీవులు, సూడోడయాప్టోమస్ పగలు అడుగునే అంటిపెట్టుకుని రాత్రికి పైకి లేస్తాయి. పగటి లెక్క ఒక్కటే చూస్తే అవి ఆ చోటే లేవనిపిస్తుంది.

ఫ్లోమీటరు వలకంటే చాలా ఖరీదు, అందుకే చాలామంది దాన్ని వదిలేస్తారు. వదలకండి. జనరల్ ఓషియానిక్స్ కంపెనీ 2030 రకం ఫ్లోమీటరులో మామూలు రోటరుకి (నీటికి తిరిగే రెక్కకి) లెక్క ఇది: చివరి అంకెలోంచి మొదటి అంకె తీసేసి, 26,873తో గుణించి, 9,99,999తో భాగిస్తే మీటర్లలో దూరం. తక్కువ వేగానికి వాడే రోటరుకి ఈ స్థిరాంకం వేరు, దాని కాగితం చూసుకోండి. ఉదాహరణకి తేడా 5,000 వస్తే 134.4 మీటర్లు, మూతి వైశాల్యంతో గుణిస్తే 9.5 ఘన మీటర్లు. నీరు నిలిచిన వేళ సెకనుకి అర మీటరు వేగంతో 5 నిమిషాలు లాగితే పడవ నీటిలో కదిలేది 150 మీటర్లు. అంటే వల దాదాపు 90 శాతం నీటిని వడకట్టింది. 85కి తగ్గితే వల మూసుకుపోతోందని అర్థం.

ఇప్పుడు అదే 5 నిమిషాలు వరద నీటిలో లాగితే తేడా 2,200 వచ్చిందనుకోండి. దూరం 59 మీటర్లు, నీరు 4.2 ఘన మీటర్లే. ఫ్లోమీటరు లేనివాళ్లు మూతి వైశాల్యాన్ని 150 మీటర్లతో గుణించి 10.6 అని రాస్తారు. ప్లవకాల సాంద్రత అసలుకంటే రెండున్నర రెట్లు తక్కువగా తేలుతుంది. వరదలకి ప్లవకాలు తగ్గిపోయాయని తీర్మానం రాస్తారు. తగ్గింది వలలోంచి పోయిన నీరు. జీపీఎస్ దూరం దీనికి బదులు కాదు. అది నేల మీద దూరం చెబుతుంది, నీటిలో దూరం కాదు. పోటుకి ఎదురు లాగితే ఒక తప్పు, పోటుతో లాగితే ఇంకో తప్పు.

ఫ్లోమీటరుని మూతికి నట్టనడుమ కట్టకండి, మధ్యకీ అంచుకీ సగం దూరంలో కట్టండి. నీళ్లలో దింపేముందు దాని లోపలి గొట్టం నీటితో నిండాలి, బుడగ ఉంటే తిరగడం తేడా వస్తుంది. సెకనుకి 10 సెంటీమీటర్ల కంటే నెమ్మదిగా పారే నీటిలో మామూలు రోటరు అంకెని నమ్మొద్దు.

లాగే తీరు: వేగం సెకనుకి అర మీటరు నుంచి మీటరు మధ్య. అంతకి మించితే మెత్తటి జీవులు కంతల్లోంచి నలిగి బయటికొస్తాయి. ఇంజను వెనక కాకుండా పడవ పక్కనుంచి, కాస్త వంపు తిరుగుతూ లాగండి. ఫంకా నురగలో పడిన వల ఏమీ పట్టదు. రింగు నీటి పైమట్టానికి అర మీటరు కిందుండేలా తాళ్ల దగ్గర రెండు మూడు కిలోల సీసం కట్టండి. రెండు మీటర్ల లోతులో నిలువు లాగుడు దండగ. ఒక్కసారికి 0.14 ఘన మీటర్లే వస్తుంది. పడవ కదపలేని ఇరుకు పాయలో లంగరు వేసి, పోటు ప్రవాహానికి ఎదురుగా వల నిలబెట్టొచ్చు. సెకనుకి 0.4 మీటర్ల ప్రవాహంలో 5 నిమిషాలకి సుమారు 8.5 ఘన మీటర్లు వస్తుంది. కోరంగి అభయారణ్యం పరిధిలోకి వెళ్లేముందు అటవీశాఖ అనుమతి కాగితం దగ్గర పెట్టుకోండి.

వరద నెలల్లో పద్ధతే మార్చాలి. నదీ నీరు ఉప్పునీరు కలిసేచోట బురద రేణువులు ముద్దలు కడతాయి. వాటికి మడ ఆకుల పీచు తోడై కంతల్ని పూడుస్తుంది. 200 వలతో లాగుడు ఒకటి రెండు నిమిషాలకి కుదించి, మూడు నాలుగుసార్లు లాగి కలపండి. రోటిఫర్లు, నాప్లియైల కోసం లాగడమే మానేయండి. 10 లీటర్ల బకెట్టుతో నీరు ముంచి, 64 మైక్రాన్ల చేతివలలో పోయండి. 50 నుంచి 100 లీటర్లు చాలు, లీటర్లు కచ్చితంగా తెలుస్తాయి కాబట్టి ఫ్లోమీటరు గొడవ ఉండదు. అడుగు పొర నీటిని చిన్న పంపుతో తోడి విడిగా వడకట్టండి. పైనీరు 2 పీపీటీ, అడుగు నీరు 20 పీపీటీ ఉన్న రోజున ఆ రెండిటినీ ఒకే సీసాలో కలిపితే ఆ నమూనాకి అర్థం లేదు.

ఎండాకాలంలో వలని మూసేది బురద కాదు, జెల్లీ జీవులు. కోంబ్ జెల్లీలు గుంపుగా వస్తే వల మూట బరువెక్కుతుంది. ఇవి నమూనా చెడకుండా పోసే ఫార్మలిన్‌లో కరిగి రూపం లేకుండా పోతాయి. పడవలోనే 5 మిల్లీమీటర్ల జల్లెడలో వేసి, లెక్కపెట్టి, కొలిచి, వాటికి అంటుకున్న కోపెపాడ్లని కడిగి నమూనాలోకి పంపి, జెల్లీలని తిరిగి నీళ్లలో వదలండి. వాటిని ఉంచి తీసిన పరిమాణపు లెక్క ఎంత పెద్దదైనా చేపపిల్లల మేత ఎంతుందో చెప్పదు.

సెట్టులో నాసిగా ఉండేవి రెండు: రింగు, కప్పు. 304 స్టీలు ఉప్పునీటికి మచ్చలు పడుతుంది, వెల్డింగు దగ్గర మొదలై గుడ్డని కోస్తుంది. 316 స్టీలు అడగండి. కప్పు మరలో ఇసుక చేరితే తిరగదు. బలవంతంగా తిప్పితే గుడ్డ మెలిపడి కుట్టు చిరుగుతుంది. గాడిలో పెట్టి పావుచుట్టు తిప్పే రకం మేలు. కప్పు కిటికీ జల్లెడ కంత వల కంతకంటే పెద్దదిగా ఉంటే కొనకండి. వల అంతా పట్టింది అక్కడే పోతుంది. మూడు తాళ్లు సమానంగా ఉన్నాయో కొలవండి, ఒకటి అంగుళం పొట్టిదైనా మూతి వాలి నీరు పక్కకి పోతుంది.

రొయ్యల హేచరీలకి అమ్మే మైక్రాన్ గుడ్డతో దర్జీ చేత కుట్టించుకోవడం కూడా మంచి దారే. గుడ్డ మీద అచ్చయిన అంకెని నమ్మక, స్కేలున్న మైక్రోస్కోపు కింద పది కంతలు కొలిచి చూడండి. సన్న సూది, పాలియెస్టరు దారం, రెండు మడతల కుట్టు. సూది రంధ్రాలు 200 మైక్రాన్ల కంటే పెద్దవే కాబట్టి కుట్టు వెంట పలచగా సిలికాన్ పూయాలి. అది మర్చిపోతే కుట్టు పొడవునా కారే వల తయారవుతుంది.

నమూనా దొరికాక వలని బయటివైపునుంచే నీరు పోసి కడగండి. లోపలికి పోస్తే బయటి నీటి జీవులు నమూనాలో కలుస్తాయి. 90 మిల్లీలీటర్ల నమూనాకి బోరాక్సు కలిపి ఆమ్లం తగ్గించిన దుకాణపు ఫార్మలిన్ 10 మిల్లీలీటర్లు, గాలి ఆడేచోట, చేతి తొడుగులతో. బోరాక్సు లేకపోతే ఆల్చిప్ప పిల్లల పెంకులు కొన్ని వారాల్లో కరిగిపోతాయి, వాటిని గుర్తుపట్టలేరు. తేదీతోపాటు తిథి, పోటో ఆటో, ఉప్పదనం, ఫ్లోమీటరు రెండు అంకెలు, ఎన్ని నిమిషాలు అన్నవి పెన్సిల్‌తో రాసిన చీటీ సీసా లోపల వేయండి. ఫార్మలిన్ చుక్క తగిలితే పెన్ను రాత పోతుంది.

లెక్కించడానికి చిన్న వాటికి 1 మిల్లీలీటరు పట్టే సెడ్జ్‌విక్ రాఫ్టర్ గది, పెద్ద వాటికి బోగరోవ్ పళ్లెం. మట్టి ఎక్కువున్న వరద నమూనాల్లో కొద్దిగా రోజ్ బెంగాల్ రంగు కలిపితే జీవులు గులాబీ రంగెక్కి పీచులోంచి విడిగా కనిపిస్తాయి. సీసాలో అడుగు చేరిన మందం కొలిచి ‘ప్లవకాల పరిమాణం’ అనడం మాత్రం ఆ నెలల్లో వద్దే వద్దు. కొలిచింది ఎక్కువగా బురదనే. 200 మిల్లీలీటర్లకి చేసిన నమూనాని బాగా కలియదిప్పి తీసిన 2 మిల్లీలీటర్లలో 240 జీవులు వచ్చాయనుకోండి. మొత్తం 24,000, దాన్ని 9.5తో భాగిస్తే ఘన మీటరుకి సుమారు 2,500. ఏ ఒక్క జాతికైనా 100 లెక్కపెడితే అటూ ఇటూ 20 శాతం తేడా ఉంటుంది. పదే వచ్చినప్పుడు నెలల మధ్య పెరిగిందీ తగ్గిందీ అని మాట్లాడకండి, ఇంకో 2 మిల్లీలీటర్లు తీయండి.

పని అయ్యాక వలని మంచినీళ్లలో నానబెట్టి, సబ్బు లేకుండా, నీడన ఆరేయండి. ఎండకి నైలాన్ పెళుసెక్కుతుంది. తర్వాతి లాగుడుకి ముందు వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూడండి. మసకగా కనిపించే పట్టీలు ఉంటే గుడ్డ కంతల్లో గట్టిపడిన బురద ఉందన్నమాట. ఆ వలని అలాగే దింపితే ఫ్లోమీటరు అంకె మొదటి నిమిషంలోనే పడిపోతుంది. మెత్తటి బ్రష్షుతో బయటినుంచి లోపలికి తోమి, మళ్లీ నానబెట్టండి.